రెండు వందల నలభై

తెల్లవారుజాము మూడున్నర. ఫ్లాతేరి రేవులో
తూకం గది కిటికీకి లోపలి వైపు కూడా మంచు.
కాడ్ చేపల పెట్టెలు త్రాసెక్కి కూచున్నాయి.
తూచాల్సిన నా కొత్త ప్రోగ్రామ్
నోరు తెరవకముందే చచ్చిపోయింది.

పని చేస్తూ చచ్చిందా అంటే అదీ కాదు.
పుట్టగానే తల్లి ప్రాసెస్ చేతికిచ్చిన మూట విప్పింది:
దారి, భాష, ఇంటి చోటు, పడవ పేరు.
నాలుగోది చదవబోయి
గడపలోనే కూలింది.

ఆ పేరు మూటలో పెట్టింది స్వాన్‌లౌగ్,
తొంభై ఆరులో, ఇదే బల్ల దగ్గర, ఒంటి వేలితో కొట్టి.
అప్పటి పట్టీలో అక్షరానికి ఒక అంకె:
డెబ్భై ఒకటి, నూట పదిహేడు,
రెండు వందల నలభై,
నూట పది, రెండు వందల యాభై మూడు.
గుద్‌నీ.
హెర్‌మోదుర్ పడవ. పడవ కాకముందు అతని మేనత్త.

ఆ నడిమి రెండు వందల నలభై ఉందే,
నాలుక కొస పళ్ల సందున ఆనించి
గాలి వదిలితే వచ్చే మెత్తటి ద, అది.
కొత్త పట్టీలో దానికి వేరే అర్థం:
ఆగండి, నా వెనక ఇంకో ముగ్గురొస్తున్నారు.
మూడు విస్తళ్లు వేసి ఎదురుచూసింది నా ప్రోగ్రామ్.
వచ్చింది మామూలు న,
దాని వెనక కొత్త పట్టీలో పుట్టనే పుట్టని ఒక అంకె.
ఇంకేముంది.

ఓర్లీగుర్ పక్క మీంచి లేవకుండా ఫోన్లోనే తేల్చేశాడు:
"తెలియనిచోట ప్రశ్నార్థకం పెట్టెయ్, నడిచిపోద్ది."
పెట్టాను. నడిచింది కూడా.
చీటీ బయటికొచ్చింది:
గు?న?
నాలుగు వేల మూడు వందల పన్నెండు కిలోలు.

హెర్‌మోదుర్ తడి తొడుగు పళ్లతో లాగి
చీటీని దీపం కింద పట్టుకున్నాడు.
"ఈ పడవ నాకు తెలీదు."
సంతకం చెయ్యలేదు.
విసురుగా కూడా అనలేదు ఆ మాట,
ఎవరో దారి అడిగితే చెప్పినట్టు చెప్పాడు.

అక్షరమంటే నశించనిది అంటారు.
నా కళ్లముందు నశించింది అక్షరమే.
అంకె మాత్రం అలాగే ఉంది,
ఇరవై ఏడేళ్లుగా, రోజూ,
పాత ప్రోగ్రామ్ దాన్ని పేరని ఎరగకుండానే
ఈ చేతి నుంచి ఆ చేతికి అందించింది.
దానికి చదువు రాదు.
అందుకే ఒక్కసారీ తప్పు చదవలేదు.
నేను చదువుకున్నదాన్ని.

కాఫీ పెట్టాను. తాగలేదు.
యంత్రం అడిగే షరతు ఒక్కటే కదా:
మధ్యలో సున్నా రాకూడదు,
వస్తే మాట అక్కడితో అయిపోయినట్టు.
ఇంకేదొచ్చినా దానికి సమ్మతమే.
అది అడగని షరతు
గుమ్మం దగ్గర నిలబడి నేనెందుకు పెట్టాను?

రాసింది చెరిపేసి
మూటని మూటగానే తీసుకున్నాను.
ఐదు బైట్లు. విప్పలేదు, సర్దలేదు, ఏంటని అడగలేదు.
చివర్న ప్రింటరు దగ్గర,
మనిషి చూపు పడే ఆ ఒక్కచోట,
స్వాన్‌లౌగ్ వాడిన పట్టీయే తెరిచి చూశాను.
కాగితం గీక్కుంటూ వచ్చింది.
ద వచ్చింది. దాని గీత కూడా.

పెన్ను కోసం జేబులు తడుముకుంటూ
హెర్‌మోదుర్ చీటీ అడుగున వేలు పెట్టాడు.
"మరి ఇదెవరు?"
తూచినవారి పేరు. నాదే.
మొదట్లో ముల్లులా నిలబడే ఆ ఒక్క థ
ఏ యంత్రం ఎక్కడ తన్నేస్తుందోనని
కాలేజీలోనే దాన్ని విరిచి
ట ఒకటి, హ ఒకటి చేసి పెట్టుకున్నాను.
పదేళ్లయింది. ఏ ప్రోగ్రామూ కూలలేదు.
ఎవరూ అడగనూ లేదు.

"థోరే," అన్నాను.
"అది తెలుసు," అన్నాడు,
"ఇక్కడ రాసిందెవరని."

సంతకం చేసి వెళ్లాడు.
చీటీ మీద ఒక చేప పొలుసు అంటుకుని ఉంది.
గోటితో గీకబోయి ఆగి
అలాగే ఫైల్లో పెట్టాను.